ఇన్‌టేక్ మానిఫోల్డ్ గాస్కెట్ లీక్: ఇంట్లోనే కనిపెట్టి, బాగుచేసుకునే పద్ధతి

ఐడ్లింగ్‌లో ఇంజిన్ వణుకుతోంది. స్కానర్ పెడితే గాలి, పెట్రోల్ మిశ్రమం లీన్‌గా (పలచగా, అంటే పెట్రోల్ తక్కువగా) ఉందని చూపిస్తోంది. ఎవరో మానిఫోల్డ్ గాస్కెట్ (గాలిని సిలిండర్లకు పంచే గొట్టాల కట్ట ఇంజిన్ హెడ్‌కు ఆనేచోట గాలి దూరకుండా ఉండే పట్టీ) పోయిందన్నారు. ఇంట్లో మార్చుకోవచ్చా? ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు. మార్చుకోవచ్చు. మామూలు నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్‌కైతే ఒక పూర్తి సెలవు రోజు, సరైన పనిముట్లు, తొందరపడని చెయ్యి ఉంటే చాలు.

కానీ నిజంగా గాస్కెట్ దగ్గరే లీకవుతోందని తేలేదాకా మానిఫోల్డ్ మీద ఒక్క బోల్టు కూడా విప్పకండి. ఈ పని మొదటిసారి చేసినప్పుడు నేను ఆ తేల్చుకోవడమే సరిగ్గా చేయలేదు. రోజంతా కష్టపడి కొత్త గాస్కెట్ వేసి స్టార్ట్ చేస్తే అదే వణుకు. రెండు రోజులు వెతికాక అసలు లోపం దొరికింది. మానిఫోల్డ్ వెనక పీసీవీ హోస్ (ఇంజిన్ అడుగు భాగపు ఆవిరిని ఇన్‌టేక్‌లోకి తెచ్చే గొట్టం) వంపులో పగులు ఉంది. పైనుంచి చూస్తే రబ్బరు చక్కగా నల్లగా, నున్నగా ఉంది. వేలితో వంచగానే చిన్న నోరులా తెరుచుకుంది. అందుకే కింద నిర్ధారణకే ఎక్కువ చోటు ఇచ్చాను. దాన్ని దాటేసి విప్పడం దగ్గరికి వెళ్లిపోవద్దు.

1. ఈ పని మీ ఇంజిన్‌కు ఇంట్లో అయ్యేదేనా?

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా వరుస సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్ గురించి. అంటే ఇంజెక్టర్లు మానిఫోల్డ్ దగ్గరే ఉండి, ఇన్‌టేక్ పోర్టులోకి పెట్రోల్ చల్లే రకం.

వీ ఆకారపు ఇంజిన్లలో మానిఫోల్డ్ రెండు సిలిండర్ హెడ్ల మధ్య కూర్చుంటుంది. కొన్నింటిలో కూలెంట్ కూడా దాని గుండానే పారుతుంది, కింద ఇంజిన్ ఆయిల్ ఉండే లోయ ఉంటుంది. అక్కడ చిన్న పొరపాటు జరిగినా కూలెంట్ వెళ్లి ఆయిల్లో కలుస్తుంది. మొదటిసారి చేసేవాళ్లు అనుభవమున్న మనిషిని పక్కన పెట్టుకుని దిగడం మంచిది.

డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో హై ప్రెషర్ లైన్‌లో పెట్రోల్ వంద బార్లకు పైగా ఒత్తిడితో ఉండొచ్చు. మానిఫోల్డ్ తీయడానికి ఆ లైన్ విప్పాలని మాన్యువల్ చెబితే ఆ పని ఇంట్లో వద్దు. డీజిల్ ఇంజిన్ల లక్షణాలు వేరు, పరీక్షలు వేరు. అవి ఈ వ్యాసంలోకి రావు.

2. లీకైతే ఏం కనిపిస్తుంది?

గాలి ఎంత లోపలికి వస్తోందో కొలిచి, దానికి సరిపడా పెట్రోల్ ఇస్తుంది ఇంజిన్ కంప్యూటర్. గాస్కెట్ దగ్గర సందు ఏర్పడితే కొలతకు దొరకని గాలి లోపలికి దూరుతుంది. బరువులో ఒక వంతు పెట్రోల్‌కు 14.7 వంతుల గాలి అనే లెక్క తప్పి మిశ్రమం పలచబడుతుంది.

- ఐడ్లింగ్ ఎగుడుదిగుడుగా ఉండటం, లేదా మామూలు కంటే ఎక్కువగా నిలబడటం
- పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు వణుకు ఎక్కువగా ఉండి, వేడెక్కాక తగ్గడం
- ఇంజిన్ దగ్గర బుస్సుమనే శబ్దం, లేదా సన్నటి ఈల
- ఒక సిలిండర్ మిస్సింగ్ కొట్టడం
- స్కానర్‌లో పీ0171, పీ0174 (మిశ్రమం పలచగా ఉంది), పీ0300 (మిస్సింగ్), పీ0507 (ఐడ్లింగ్ ఎక్కువ) లాంటి కోడ్‌లు

రెండో లక్షణాన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి. గట్టిపడిపోయిన రబ్బరు గాస్కెట్ చలికి ముడుచుకుని సందు ఇస్తుంది, ఇంజిన్ వేడెక్కాక అన్నీ వ్యాకోచించి ఆ సందు మూసుకుంటుంది. అరగంట నడిపాక పరీక్షిస్తే లీక్ దొరకదు. కాబట్టి పరీక్షలన్నీ రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీదే మొదలుపెట్టండి.

3. నిర్ధారణ: ఈ వరుసలోనే

3.1 స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ చూడండి

కోడ్ ఒక్కటే చూసి నిర్ణయానికి రావద్దు. లైవ్ డేటాలో షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ రెండూ తెరవండి. రెండూ కలిపి చూడాలి. ప్లస్ అంకె అంటే మిశ్రమం పలచగా ఉందని కంప్యూటర్ అదనంగా పెట్రోల్ కలుపుతోందని అర్థం.

ముందు ఐడ్లింగ్‌లో చూసి రాసుకోండి. తర్వాత 2500 ఆర్‌పీఎం దగ్గర అర నిమిషం పట్టి ఉంచి మళ్లీ చూడండి.

ఐడ్లింగ్‌లో ప్లస్ 20 శాతం దాకా ఉండి, 2500 దగ్గర ప్లస్ 5కి దిగిందనుకోండి. అది గాలి లీక్ తీరు. ఐడ్లింగ్‌లో థ్రాటిల్ (గాలి దారిని తెరిచి మూసే రెక్క) దాదాపు మూసి ఉంటుంది కాబట్టి మానిఫోల్డ్‌లో పీల్పు బలంగా ఉంటుంది, ఇంజిన్ తీసుకునే మొత్తం గాలి తక్కువ. ఆ కాస్త గాలిలో సందు నుంచి వచ్చేది పెద్ద వాటా అవుతుంది. వేగం పెంచితే మొత్తం గాలి పెరిగి ఆ వాటా చిన్నదైపోతుంది.

దీనికి తిరగబడి, వేగం పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరుగుతుంటే గాస్కెట్‌ను వదిలేయండి. పెట్రోల్ పంపు, ఫిల్టర్, గాలి కొలిచే సెన్సర్ వైపు వెతకండి.

ఒక మెలిక ఉంది. గాలి ప్రవాహాన్ని నేరుగా కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్న ఇంజిన్లకు పై లెక్క బాగా పనిచేస్తుంది. మానిఫోల్డ్ ఒత్తిడిని బట్టి లెక్కగట్టే మ్యాప్ సెన్సర్ ఇంజిన్లలో లీకైన గాలి కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. అక్కడ ట్రిమ్ పెద్దగా కదలకపోవచ్చు, ఐడ్లింగ్ వేగమే పెరుగుతుంది. ట్రిమ్ బాగానే ఉంది కదా అని లీక్ లేదనుకోవద్దు.

3.2 హోస్‌లను ముందు తప్పించండి

గాస్కెట్ కంటే హోస్ పైపులు పోవడమే ఎక్కువ. ఒక్కొక్కటీ వేలితో వంచి, నొక్కి చూడండి. కంటితో చూస్తే చాలదు.

- మాఫ్ సెన్సర్‌కూ థ్రాటిల్ బాడీకీ మధ్య ఉండే ముడతల గొట్టం. ముడతల లోపలి భాగాన్ని విప్పదీసి చూడండి, పగుళ్లు అక్కడే దాక్కుంటాయి.
- పీసీవీ హోస్, దాని మోచేయి వంపు.
- బ్రేక్ బూస్టర్ హోస్. ఐడ్లింగ్‌లో బ్రేక్ పెడల్ తొక్కి పట్టుకోండి. ఇంజిన్ తీరు స్పష్టంగా మారి, అలాగే ఉండిపోతే బూస్టర్ మీద అనుమానం.
- పర్జ్ వాల్వ్, అంటే పెట్రోల్ ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలేది. ఇంజిన్ చల్లగా ఉండి ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు, పెట్రోల్ ట్యాంకు వైపు నుంచి వచ్చే గొట్టాన్ని వాల్వ్ నుంచి ఊడదీసి, వాల్వ్ నోటిమీద వేలు పెట్టండి. ఆగకుండా పీలుస్తుంటే వాల్వ్ తెరిచే ఉండిపోయింది.
- వాడకంలో లేని వ్యాక్యూమ్ నాజిళ్ల మీది చిన్న రబ్బరు టోపీలు.

మెత్తటి హోస్‌లను మొద్దు అంచులున్న క్లాంప్‌తో ఒకదాని తర్వాత ఒకటి నొక్కి చూడొచ్చు. నొక్కగానే ఐడ్లింగ్ కుదురుకుంటే లోపం ఆ హోస్‌లోనో, అది వెళ్లి కలిసేచోటో ఉంది. ఎండి గట్టిపడిన హోస్‌లను, ప్లాస్టిక్ గొట్టాలను మాత్రం నొక్కకండి, విరుగుతాయి.

3.3 నీళ్ల స్ప్రే పరీక్ష

చాలామంది కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టి చూస్తారు. అది పనిచేస్తుంది. కానీ అది ఇట్టే అంటుకునే ద్రవం, పక్కనే వేడి ఎగ్జాస్ట్, కాయిల్స్ ఉంటాయి. ఇంట్లో చేసేవాళ్లకు నేను సన్నగా చల్లే బాటిల్లో మామూలు నీళ్లే వాడమని చెబుతాను.

చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, మానిఫోల్డ్ హెడ్‌కు ఆనే గీత వెంట ఒక చివర నుంచి మొదలుపెట్టండి. ఒక్కో పోర్టు చుట్టూ రెండు మూడు సార్లు చల్లి, ఐదు సెకన్లు ఆగండి. లీకున్న చోట నీళ్లు సందును ఒక్క క్షణం మూస్తాయి. బుస్సుమనే శబ్దం ఆగి, గుటక వేసినట్టు చప్పుడొస్తుంది, ఐడ్లింగ్ మారుతుంది. అలా ఒకే చోట మూడుసార్లు జరిగితేనే నమ్మండి.

ఆల్టర్నేటర్ మీద, కాయిల్స్, కనెక్టర్ల మీద, వేడి ఎగ్జాస్ట్ మీద నీళ్లు పడకూడదు. బెల్టుకూ ఫ్యాన్‌కూ చెయ్యి, చొక్కా చివర దూరంగా ఉంచండి.

ఇంజెక్టర్ కింది ఓ రింగ్ (‘O’ ఆకారపు రబ్బరు సీల్) దగ్గర, థ్రాటిల్ బాడీ అతుకు దగ్గర విడిగా చల్లండి. ఇవి గాస్కెట్‌కు అంగుళం రెండంగుళాల దూరంలోనే ఉంటాయి కాబట్టి తేలిగ్గా పొరబడతాం.

ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న కొత్త ఇంజిన్లలో ఐడ్లింగ్ మార్పును కంప్యూటర్ వెంటనే సర్దేస్తుంది. చెవిని ఒక్కదాన్నే నమ్ముకోకుండా స్కానర్‌లో షార్ట్ టర్మ్ ట్రిమ్ చూస్తూ చల్లండి.

3.4 పొగ పరీక్ష

పైవాటితో తేలకపోతే పొగ పరీక్ష అన్నిటికంటే నమ్మదగింది. ఇంజిన్ ఆపి, గాలి లోపలికొచ్చే దారి మూసి, ఏదైనా వ్యాక్యూమ్ నాజిల్ గుండా పొగ పంపుతారు. ఎక్కడి నుంచి పొగ తీగలా లేస్తుందో అక్కడే లీక్. టార్చిలైటు అడ్డంగా వేసి చూస్తే సన్నటి పొగ కూడా కనబడుతుంది. పొగ మిషన్ అద్దెకు దొరికితే ఒక గంటకు తెచ్చుకోండి.

ఒత్తిడి 1 పీఎస్ఐ మించకూడదు. కంప్రెసర్ గొట్టం నేరుగా పెడితే పీసీవీ దారిగుండా ఆ ఒత్తిడి క్రాంక్‌కేస్‌లోకి (ఇంజిన్ అడుగు భాగంలోకి) వెళ్లి ఆయిల్ సీళ్లను దెబ్బతీస్తుంది. ఆయిల్ గేజ్ పుల్ల దగ్గర, సైలెన్సర్‌లో కాస్త పొగ వచ్చినంత మాత్రాన కంగారు పడకండి. కొన్ని వాల్వులు తెరిచి ఉండటం వల్ల అలా రావచ్చు.

3.5 వ్యాక్యూమ్ గేజ్, కూలెంట్

గేజ్ ఉంటే తగిలించండి. సముద్రమట్టం దగ్గర మంచి ఇంజిన్ ఐడ్లింగ్‌లో 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపిస్తుంది, ముల్లు నిలకడగా ఉంటుంది. ఎత్తు ప్రాంతాల్లో ప్రతి 1000 అడుగులకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. ముల్లు నిలకడగా ఉండి, ఉండాల్సిన దానికంటే మూడు నాలుగు అంగుళాలు తక్కువ చూపితే గాలి లీక్ కావచ్చు. లీక్ ఎక్కడో మాత్రం గేజ్ చెప్పదు.

మీ మానిఫోల్డ్‌లో కూలెంట్ దారులుంటే గేజ్ పుల్ల తీసి ఆయిల్ రంగు చూడండి. పాలు కలిసినట్టు తెల్లగా ఉండి, కూలెంట్ మట్టం కూడా తగ్గుతుంటే ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేయకండి. ఆయిల్ మూత కింద మాత్రమే కాస్త తెల్ల పొర ఉంటే, చలిలో తక్కువ దూరాలు తిరగడం వల్ల చేరిన తేమ కూడా కావచ్చు. పుల్ల మీదేముందో చూసి నిర్ణయించండి.

4. ముందే సిద్ధం చేసుకోవాల్సినవి

సగం విప్పాక ఓ రింగ్ లేదని తెలిస్తే పని అక్కడే ఆగిపోతుంది. కాబట్టి అన్నీ బల్ల మీద పెట్టుకున్నాకే మొదలుపెట్టండి.

సామాన్లు:
- మీ ఇంజిన్ నంబరుకు సరిపోయే మానిఫోల్డ్ గాస్కెట్
- థ్రాటిల్ బాడీ గాస్కెట్
- ఇంజెక్టర్లు తీయాల్సి వస్తే పై, కింది ఓ రింగులు
- వంచితే పగులు కనిపించిన ప్రతి వ్యాక్యూమ్ హోస్
- మానిఫోల్డ్‌లోనో, థ్రాటిల్ బాడీలోనో కూలెంట్ తిరుగుతుంటే సరైన రకం కూలెంట్

పనిముట్లు:
- 8, 10, 12, 13 మి.మీ. సాకెట్లు, పొడవు ఎక్స్‌టెన్షన్లు, వంగే జాయింటు
- 5 నుంచి 25 న్యూటన్ మీటర్ల మధ్య కొలిచే చిన్న టార్క్ రెంచ్
- ప్లాస్టిక్ స్క్రేపర్, బ్రేక్ క్లీనర్, పీచు రాలని తెల్లగుడ్డలు
- స్ట్రెయిట్ ఎడ్జ్ (వంకర లేని లోహపు పట్టీ), ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు)
- మాస్కింగ్ టేపు, మార్కర్, జిప్ కవర్లు, ఒక వ్యాక్యూమ్ క్లీనర్
- కళ్లద్దాలు, చేతి తొడుగులు, చేతికందే దూరంలో మంటలార్పే సిలిండర్

చక్రాల నట్లు బిగించే పెద్ద టార్క్ రెంచ్ ఈ పనికి పనికిరాదు. 10 న్యూటన్ మీటర్ల దగ్గర అది టక్కుమనేలోపే బోల్టు మర పోతుంది.

మీ ఇంజిన్ సర్వీస్ మాన్యువల్ తప్పనిసరి. బోల్టులు బిగించే వరుస, టార్క్ అంకెలు అందులోవే వాడాలి. ఇక్కడ నేనిచ్చే అంకెలు ఒక అంచనా కోసమే.

5. విప్పే ముందు

ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. వేడి మీద విప్పితే అల్యూమినియం వంకర పోతుంది, చేతులు కాలతాయి.

ముందు పెట్రోల్ లైన్‌లో ఒత్తిడి తగ్గించండి. పెట్రోల్ పంపు ఫ్యూజో, రిలేనో తీసి ఇంజిన్ స్టార్ట్ చేస్తే కొన్ని సెకన్లలో దానంతటదే ఆగిపోతుంది. తర్వాత ఇంకో రెండు మూడు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. పోర్ట్ ఇంజెక్షన్ లైన్‌లో మామూలుగా మూడు నాలుగు బార్ల ఒత్తిడి ఉంటుంది. ఇలా చేశాక కూడా లైన్ ఊడదీసేటప్పుడు కొంచెం పెట్రోల్ కారుతుంది, గుడ్డ చుట్టి పట్టుకోండి. ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్ కేబుల్ తీసేయండి. ఈ రెండింటి వరుస తిరగబడకూడదు, బ్యాటరీ లేకపోతే ఇంజిన్ తిరగదు కదా.

కూలెంట్ ఉన్న మానిఫోల్డ్ అయితే మట్టం దాని కిందికి దిగేదాకా వదలండి. వదిలిన కూలెంట్‌ను మూతున్న డబ్బాలో పెట్టండి. అందులో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, పిల్లలకూ పెంపుడు జంతువులకూ అది విషం.

తలుపులు తెరిచిన చోట, నిప్పు, పొయ్యి, హీటరు దరిదాపుల్లో లేనిచోట పనిచేయండి.

6. విప్పడం

మొదట నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసుకోండి. హోస్‌ల దారి, కనెక్టర్లు, బ్రాకెట్లు అన్నీ కనబడాలి. సాయంత్రం ఈ ఫొటోలే మిమ్మల్ని కాపాడతాయి.

1. ఎయిర్ ఫిల్టర్ నుంచి థ్రాటిల్ దాకా ఉన్న గొట్టం తీయండి.
2. ప్రతి కనెక్టర్‌కు, హోస్‌కు టేపు అంటించి రెండు చివర్లా ఒకే నంబరు రాసి, అప్పుడు ఊడదీయండి. కనెక్టర్‌ను వైరు పట్టుకుని లాగకండి.
3. థ్రాటిల్ బాడీ విప్పి పక్కన పెట్టండి. దాని రెక్కను చేత్తో బలవంతంగా తిప్పకండి.
4. ఫ్యూయల్ రైల్ (ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే గొట్టం) అడ్డుంటే ఇంజెక్టర్లతో సహా ఒకేసారి నిలువుగా పైకి లాగండి. ఇంజెక్టర్ నోళ్లకు శుభ్రమైన కవర్లు తొడగండి.
5. మానిఫోల్డ్ కింద సపోర్టు బ్రాకెట్ ఉందేమో అద్దం పెట్టి చూడండి. చాలా ఇంజిన్లలో ఉంటుంది.
6. మానిఫోల్డ్ బోల్టులను చివర్ల నుంచి మధ్యకు, ఒక్కోదాన్ని అర చుట్టు చొప్పున వదులు చేయండి.

ఇక్కడో మాట. బోల్టులన్నీ తీశాక కూడా మానిఫోల్డ్ కదలకపోతే నూటికి తొంభై పాళ్లు ఇంకో బోల్టు మిగిలి ఉన్నట్టే. స్క్రూడ్రైవర్ దూర్చి తన్నకండి. ప్లాస్టిక్ మానిఫోల్డ్ పగులుతుంది, అల్యూమినియం అయితే గాస్కెట్ కూర్చునే తలం మీద గాటు పడుతుంది. ఆ గాటే తర్వాత కొత్త లీక్ అవుతుంది. కింద మళ్లీ చూడండి. ఏదీ మిగల్లేదని రూఢి అయ్యాక రబ్బరు సుత్తితో నెమ్మదిగా తట్టండి.

మానిఫోల్డ్ బయటకు రాగానే పోర్టుల్లో గుడ్డలు కుక్కేయండి. ఎన్ని గుడ్డలు పెట్టారో టేపు మీద అంకె రాసి ఫెండర్‌కు అంటించండి.

7. పాత గాస్కెట్ ఏం చెబుతోంది?

వెంటనే పారేయకండి. వెలుతురులోకి తీసుకెళ్లి పోర్టు చుట్టూ ఉన్న అంచును చూడండి. మంచిగా పట్టిన చోట అంచు ఒకే రంగులో, శుభ్రమైన గీతలా ఉంటుంది. లీకైన చోట బయటి దుమ్ము లోపలికి ఈడ్చుకుపోయిన బూడిద రంగు చార కనిపిస్తుంది, బయట వెడల్పుగా, పోర్టు వైపు సన్నగా.

ఆ చార మీరు నీళ్లు చల్లినప్పుడు తేడా వచ్చిన పోర్టు దగ్గరే ఉంటే మీ నిర్ధారణ సరైనదే. చార ఎక్కడా లేకపోతే ఆగండి. గాస్కెట్ ఎలాగూ మార్చండి, కానీ మానిఫోల్డ్ పగుళ్లను, ఇంజెక్టర్ గూళ్లను, ఇప్పుడు చెయ్యి అందుతున్న వెనక హోస్‌లన్నింటినీ మళ్లీ వెతకండి.

రబ్బరు రకమైతే గోరుతో నొక్కి చూడండి. కొత్తది లోపలికి దిగి మళ్లీ పైకి వస్తుంది. పాతది ప్లాస్టిక్ ముక్కలా గట్టిగా, పైభాగం చదునుగా అణిగి ఉంటుంది.

8. తలాలు శుభ్రం చేయడం

ఇంట్లో మార్చిన గాస్కెట్ మళ్లీ లీకైతే కారణం ఎక్కువసార్లు ఇక్కడే ఉంటుంది. ఇక్కడ గంట పట్టినా పట్టనివ్వండి.

గుడ్డలు పోర్టుల్లోనే ఉండగా ప్లాస్టిక్ స్క్రేపర్‌తో పాత ముక్కలు గీకండి. మొండిగా ఉంటే గాస్కెట్ రిమూవర్ రాసి, డబ్బా మీద రాసినంతసేపు నాననిచ్చి మళ్లీ గీకండి. ప్లాస్టిక్ మానిఫోల్డ్ మీద ఆ రసాయనం రాయకండి. బ్లేడు వాడక తప్పకపోతే తలానికి దాదాపు సమాంతరంగా పడుకోబెట్టి, అల్యూమినియంలోకి దిగకుండా వాడండి.

డ్రిల్లుకు తగిలించే గరుకు డిస్కులు వద్దే వద్దు. నిమిషంలో తళతళలాడిస్తాయి, నిజమే. కానీ వాటి నుంచి రాలే పొడి ఆయిల్లోకి చేరి బేరింగులను అరగదీస్తుంది. పైగా చూడటానికి మెరుస్తున్న తలంలో పల్లాలు పడి ఉంటాయి.

గీకడం అయ్యాక వ్యాక్యూమ్ క్లీనర్‌తో పోర్టుల చుట్టూ పీల్చేయండి, అప్పుడే గుడ్డలు తీయండి. తర్వాత బ్రేక్ క్లీనర్ తడిపిన తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డ తెల్లగానే తిరిగొచ్చేదాకా తుడుస్తూనే ఉండాలి.

బోల్టు రంధ్రాలు కూడా చూడండి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో ఆయిలో, కూలెంటో నిలిచి ఉంటే బోల్టు బిగించినప్పుడు ఆ ద్రవానికి పోయే దారి ఉండదు. ఆ ఒత్తిడికి లోహం పగలొచ్చు, లేదా బోల్టు కూర్చోకుండానే టార్క్ వచ్చేసినట్టు కనిపిస్తుంది. గుడ్డ పీలిక దూర్చి ఆరబెట్టండి.

పోర్టులో వాల్వుల మీద నల్లటి మసి కనిపిస్తే గీకాలనిపిస్తుంది. వాల్వ్ తెరిచి ఉన్న సిలిండర్‌లో ఆ ముక్కలు కిందికి రాలిపోతాయి. ఆ పనిని ఈ పనితో కలపొద్దు.

9. వంకర ఉందేమో చూడండి

స్ట్రెయిట్ ఎడ్జ్‌ను మానిఫోల్డ్ తలం మీద పొడవుగా, ఐమూలగా పెట్టి, కిందికి ఫీలర్ గేజ్ రేకు దూరుతుందో లేదో చూడండి. హెడ్ మీద కూడా అలాగే. అనుమతించే హద్దు మాన్యువల్‌లో ఉంటుంది. అల్యూమినియం మానిఫోల్డ్ మీద 0.1 మి.మీ. రేకు సులువుగా దూరిపోతుంటే హద్దు దగ్గరికొచ్చినట్టే అనుకుని మాన్యువల్‌తో సరిచూడండి. హద్దు దాటితే మెషిన్ షాపులో చదును చేయించాలి. ప్లాస్టిక్‌దైతే మార్చడమే. వంకరను మందపాటి సీలెంట్‌తో పూడ్చాలని చూడకండి.

10. కొత్త గాస్కెట్, బిగింపు

గాస్కెట్‌ను ముందు పొడిగా ఆనించి ప్రతి రంధ్రం, ప్రతి పోర్టు సరిగ్గా కలుస్తున్నాయో చూడండి. కొన్నింటికి పైవైపు, కిందివైపు తేడా ఉంటుంది.

మాన్యువల్ చెప్పకపోతే సీలెంట్ రాయకండి. రబ్బరు గాస్కెట్ పొడిగానే కూర్చోవాలి. సీలెంట్ రాస్తే అది జారి, బిగించేటప్పుడు పక్కకు జరుగుతుంది. వీ ఇంజిన్లలో ముందు, వెనక హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య మూలల్లో మాత్రం సీలెంట్ అడుగుతారు. అక్కడ ఆక్సిజన్ సెన్సర్‌కు హాని చేయని రకం వాడి, ట్యూబ్ మీద రాసినంతసేపు ఆరనివ్వండి.

మానిఫోల్డ్ పెట్టాక బోల్టులన్నీ చేత్తో, రెంచ్ లేకుండా, మూడు నాలుగు చుట్లు ఎక్కించండి. ఒక్కటి పట్టేసినట్టనిపించినా వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టండి.

తర్వాత మధ్య నుంచి బయటికి, అటూ ఇటూ మారుస్తూ మూడు విడతల్లో బిగించండి: తుది టార్క్‌లో మూడో వంతు, మూడింట రెండు వంతులు, ఆఖరికి పూర్తి. 10 మి.మీ. సాకెట్ పట్టే 6 మి.మీ. బోల్టులకు సాధారణంగా 8 నుంచి 12 న్యూటన్ మీటర్లు, 8 మి.మీ. బోల్టులకు 18 నుంచి 25 ఉంటుంది. ఇంకాస్త బిగిస్తే మంచిదనే ఆలోచన ఇక్కడ చెడుపు చేస్తుంది. ఎక్కువ బిగిస్తే గాస్కెట్ నలిగి, బోల్టుల మధ్య భాగం పైకి లేస్తుంది.

ఆ తర్వాత విప్పిన వరుసకు తిరగేసి మిగతావి. ఇంజెక్టర్ ఓ రింగులకు శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ ఒక చుక్క రాసి నేరుగా నొక్కండి. కోసుకుపోయిన ఓ రింగ్ పెట్రోల్ లీకవుతుంది, ఈ ఒక్క చోట తొందర అసలు వద్దు.

స్టార్ట్ చేసే ముందు:
- గుడ్డల లెక్క టేపు మీది అంకెతో కలిసింది
- టేపు నంబర్లన్నీ జత కలిశాయి
- మానిఫోల్డ్ కింది బ్రాకెట్ బోల్టు పెట్టారు
- ఫ్యూయల్ లైన్ క్లిప్ టక్కుమంది, లాగితే రావట్లేదు
- పెట్రోల్ పంపు ఫ్యూజ్ లేదా రిలే తిరిగి పెట్టారు, బ్యాటరీ కలిపారు
- కూలెంట్ నింపారు, ఆయిల్లో కూలెంట్ కలిసి ఉంటే ఆయిల్, ఫిల్టర్ మార్చారు

11. స్టార్ట్ చేయడం, సరిచూడటం

తాళం ఆన్ చేసి మూడు సెకన్లు ఆగి ఆఫ్ చేయండి. ఇలా మూడుసార్లు. లైన్‌లో ఒత్తిడి నిండుతుంది. దిగి ప్రతి ఇంజెక్టర్ దగ్గర, లైన్ అతుకు దగ్గర టార్చి వేసి చూడండి. తడి గానీ పెట్రోల్ వాసన గానీ ఉంటే స్టార్ట్ చేయకండి.

మొదటి నిమిషం ఐడ్లింగ్ అటూ ఇటూ ఊగొచ్చు. బ్యాటరీ తీసినందువల్ల కంప్యూటర్ మళ్లీ నేర్చుకుంటుంది. కొన్ని ఇంజిన్లకు ఐడ్ల్ రీలెర్న్ పద్ధతి మాన్యువల్‌లో ఉంటుంది, అది చేయండి.

నీళ్ల స్ప్రే పరీక్ష మళ్లీ చేయండి. కోడ్‌లు చెరిపేసి, రెండు మూడు ప్రయాణాల తర్వాత ట్రిమ్ చూడండి. ఐడ్లింగ్‌లోనూ 2500 దగ్గరా ప్లస్ మైనస్ 5 శాతం చుట్టుపక్కల ఉంటే పని బాగా జరిగినట్టు. మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్ మీద ఇంకోసారి చూడండి, అసలు పరీక్ష అదే.

కూలెంట్ ఉన్నదైతే గాలి బుడగలు తీసి, మొదటి వారం రోజూ చల్లగా ఉన్నప్పుడే మట్టం చూసుకోండి. ఆయిల్లో కూలెంట్ కలిసిన ఇంజిన్‌కు కొద్ది దూరం నడిపాక ఆయిల్, ఫిల్టర్ రెండోసారి కూడా మార్చండి. లోపల మిగిలిన తడి మొదటిసారే పూర్తిగా బయటకు రాదు.

12. ఇలా జరిగితే

ఐడ్లింగ్ ఎక్కువగా నిలబడింది. ఎక్కువగా మర్చిపోయిన హోసే కారణం. విప్పే ముందు తీసిన ఫొటోలతో పోల్చండి. బ్రేక్ బూస్టర్, పర్జ్ హోస్‌లు ముందు చూడండి.

కొత్తగా ఈల వినిపిస్తోంది. థ్రాటిల్ బాడీ గాస్కెట్ మడత పడి ఉంటుంది, లేదా ముడతల గొట్టం క్లాంప్ వంకరగా కూర్చుంది.

ఒక్క సిలిండర్ మిస్సింగ్ కొడుతోంది. ఇంజెక్టర్ కనెక్టర్ పూర్తిగా ఎక్కి ఉండదు. ఆ సిలిండర్ కింది ఓ రింగ్ దగ్గర నీళ్లు చల్లి చూడండి.

బోల్టు తిరుగుతూనే ఉంది, బిగుసుకోవట్లేదు. మర పోయింది. పెద్ద బోల్టును బలవంతంగా దించేయకండి. సరైన కొలత థ్రెడ్ ఇన్సర్ట్ (కొత్త మర ఇచ్చే లోహపు చుట్ట) వేయాలి. డ్రిల్లు పట్టేటప్పుడు గ్రీజు పూస్తే తుక్కు దానికి అంటుకుంటుంది. పోర్టులు మూసి ఉండాలి.

బోల్టు హెడ్ దగ్గర విరిగింది. మిగిలిన ముక్క పైకి కనిపిస్తుంటే పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలి, పొద్దున లాకింగ్ ప్లయర్‌తో అటూ ఇటూ కొంచెం కొంచెం కదపండి. హెడ్ తలానికి సమంగా విరిగితే అక్కడితో ఆపి మెషిన్ షాపు మనిషిని పిలవండి. వంకరగా దిగిన డ్రిల్లు సిలిండర్ హెడ్‌నే పాడుచేస్తుంది.

గుడ్డల లెక్క తప్పింది. సెల్ఫ్ కొట్టకండి. మానిఫోల్డ్ మళ్లీ తీయండి, విసుగొచ్చినా సరే. సిలిండర్‌లోకి వెళ్లిన గుడ్డ ఇన్‌టేక్ వాల్వును మూసుకోనివ్వదు. ఒకసారి అణిగిన గాస్కెట్ రెండోసారి పనికిరాదని మాన్యువల్ చెబితే ఇంకో కొత్తది తెచ్చి, పదో భాగం నుంచి మళ్లీ మొదలుపెట్టండి.